మూసలో పోసినట్టున్నాయా? కొనకండి!

నాలుగు నాణేలు. నాలుగింటి మీదా తొండం ఎత్తిన ఏనుగు. వెనక నాలుగు సున్నల ఉజ్జయిని గుర్తు. ఒళ్లంతా పచ్చటి చిలుము. మొన్న ఒక కుర్రాడు వాటిని నా బల్ల మీద పరిచి, "శాతవాహనుల సీసం నాణేలండీ, రెండు వేల ఏళ్లనాటివి" అన్నాడు. భూతద్దం చేతికిచ్చి చూడమన్నాను. నాలుగు ఏనుగులకూ తొండం కింద అదే నొక్కు. నాలుగింటి అంచునా అదే పగులు. కుర్రాడి మొహం వాడిపోయింది. జీతంలో సగం వాటికే పోశాడట.

పాత నాణేలు సేకరించాలని ఉబలాటపడుతున్న మీకోసమే ఈ మాట. ఆ సరదా మంచిది. దాన్ని మొదటి నెలలోనే పోగొట్టుకోకండి.

ఆనాటి నాణేల్లో చాలావరకు సుత్తితో కొట్టినవే. దెబ్బదెబ్బకూ తేడా ఉంటుంది. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో 13,000కు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అన్నీ క్షత్రప రాజు నహపాణుడివి. వాటిలో ఎక్కువ వాటి మీద శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. పాత ముద్ర ఒకదాని మీద ఒక మూల, ఇంకోదాని మీద ఇంకో మూల తొంగిచూస్తుంది. కాబట్టి గుర్తుంచుకోండి: రెండు నాణేల మీద ఒకే నొక్కు, ఒకే పగులు ఉంటే, అవి ఒకే మూసలోంచి వచ్చిన పిల్లలు.

చౌక నాణేనికి నకిలీ ఎవరు చేస్తారులే అనుకోకండి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. పొయ్యి, మూస ఉంటే చాలు. పైగా పచ్చ చిలుము రాగికి పట్టేది. సీసం మీద కట్టేది బూడిదరంగు, తెల్లటి పొర. గోరు తగిలితే రాలే చిలుము నిన్న పూసిందే. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉందా? పైన సూదిమొనంత గుంటలున్నాయా? అక్షరాలు సబ్బు మీద చెక్కినట్టు మెత్తగా ఉన్నాయా? వెండి, బంగారం అంటున్నది అయస్కాంతానికి అంటుకుంటోందా? వీటిలో ఏది కనిపించినా కొనకండి. తూకం కూడా వేయండి. విద్ధాంక వెండి కార్షాపణం, అంటే గుర్తులు గుద్దిన పాత వెండి నాణెం, మూడున్నర గ్రాముల లోపే తూగుతుంది. ఐదు గ్రాములు తూగితే అనుమానించండి.

కథలకు మరీ జాగ్రత్త. "పొలం దున్నుతుంటే దొరికింది" అంటారు. అబద్ధమైతే అది బహుశా నకిలీ. నిజమైతే 1878 నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాల్సిన సొత్తు. ఎలా చూసినా మీకొద్దు. 1818 అని, ఈస్టిండియా కంపెనీ పేరు, రాముడి పట్టాభిషేకం బొమ్మ ఉన్న రాగి బిళ్లలు కంపెనీ చలామణీ చేసినవి కావు. బియ్యాన్ని లాగే నాణెం, రైస్ పుల్లింగ్ అన్నారా, లేచి వచ్చేయండి. పాత నాణేలు కొంటాం, ముందు కమీషన్ కట్టండి అని రిజర్వు బ్యాంకు పేరు వాడుకునే వాళ్లున్నారు. నమ్మొద్దని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

మరి ఏం చేయాలి? ముందు అసలైనవి చూడండి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఒక పూట గడపండి. పరమేశ్వరీలాల్ గుప్తా రాసిన నాణేల పుస్తకం చదవండి. లైసెన్సు ఉన్న వర్తకుడి దగ్గరే కొనండి. రసీదు, నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటానన్న మాట రాతపూర్వకంగా అడగండి. తొందరపెట్టేవాడి దగ్గర కొననే వద్దు. అమెరికా నుంచి వచ్చిన బంధువులకు పాత నాణేలు కానుకగా ఇచ్చి పంపకండి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. దేశం దాటించడం నేరం.

"కనీసం ఇంకొకరికి అమ్మి నా డబ్బు రాబట్టుకోనా?" అని అడిగాడు ఆ కుర్రాడు. వద్దు నాయనా, అన్నాను. నీకు తగిలిన దెబ్బ నీ దగ్గరే ఆగనీ. ఒకటి జేబులో ఉంచుకో. ఈసారి కొనబోయే ముందు దాన్ని తీసి, ఆ తొండం కింద నొక్కు ఒకసారి తడిమి చూసుకో.