పాఠాల్లో మాయమైన "అట"

"తెలుగు భాష గొప్పతనాన్ని వివరించండి." మన వాచకాల్లో పాఠాల చివర ఈ తరహా ప్రశ్నలకు కరువు లేదు. భాషకు బదులు ఒక నాయకుణ్ణో, నదినో, పండుగనో పెట్టినా ప్రశ్న మారదు. గొప్పదా కాదా అన్న విచారణకు అక్కడ తావే లేదు. తీర్పు ముందే వెలువడింది. దానికి కారణాలు ఏరి తేవడమే పిల్లవాడి పని. పదేళ్ళపాటు ఈ సాము చేయించి, ఆ పైన వాట్సాప్‌లో వచ్చిన ప్రతిదాన్నీ యువతరం నమ్మేస్తోందని వాపోవడం ఏం న్యాయం?

మన భాష గురించే మూడు వాక్యాలు తీసుకుందాం. కేంద్ర ప్రభుత్వం 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా ఇచ్చింది. దేశంలో మాతృభాషగా కలవారి సంఖ్యలో తెలుగుది మూడో స్థానం. దేశభాషలన్నిటిలోకీ తెలుగే మేలైనది.

మొదటిది యథార్థం. రెండోది 2001 జనాభా లెక్కల మేరకు సరైనదే. 2011 లెక్కల్లో మరాఠీ మనల్ని దాటింది, 8.11 కోట్ల మందితో తెలుగు నాలుగో స్థానంలో నిలిచింది. మూడోది అభిప్రాయం. ఆముక్తమాల్యదలో ఆ భావం ఉన్నదన్నది మాత్రం యథార్థమే. అక్కడ సైతం రాయలు దాన్ని కలలో కనిపించిన ఆంధ్రవిష్ణువు నోట పలికించాడు.

నిజమైనది యథార్థం, ఎవరికి తోచింది వారనేది అభిప్రాయం అని రెండు గళ్ళు గీసి వాక్యాలు పంచమంటే, ఆ రెండో వాక్యాన్ని ఎక్కడ పెట్టాలి? నేడు అది తప్పు, అంతమాత్రాన అభిప్రాయమైపోదు. కనుక పిల్లలకు ముందుగా నేర్పవలసింది నిజమా కాదా అన్నది కాదు, సరిచూడడానికి వీలున్న మాటా కాదా అన్నది. వీలుంటే సరిచూడాలి. లేకపోతే, దానికి చూపిన కారణాలను తూచాలి. అన్ని అభిప్రాయాలూ ఒకే బరువు తూగవు.

ఈ వివేకం మనకు పరాయిదేమీ కాదు. "వాన పడింది" అన్నదానికీ "వాన పడిందట" అన్నదానికీ తేడా తెలియని తెలుగు పిల్లవాడు లేడు. నేను చూడలేదు, విన్నాను అని ఒక్క "ట"తో ఒప్పుకోగల భాష మనది. బామ్మ చెప్పే కథలో రాజు సైతం "ఉన్నాడట". వాచకంలోకి వచ్చేసరికే ఆ "అట" ఎగిరిపోతుంది. పాండురంగమాహాత్మ్యం రచించిన కవి సంగతులూ, తెనాలి రామకృష్ణుడి పేర జనం చెప్పుకునే చాటుకథలూ ఒకే గొంతుతో, ఒకే నిశ్చయంతో పలుకుతాయి.

పసివారికి సందేహాలు నేర్పితే భాషాభిమానం సన్నగిల్లుతుందని కొందరు పెద్దల భయం. మూడో స్థానం నాలుగైతే తరిగిపోయే అభిమానం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. "నాకు తెలుగంటే ఇష్టం, ఇందుకు" అని సొంత కారణం చెప్పగలిగిన పిల్లవాడి అభిమానాన్ని ఏ జనాభా లెక్కా కదిలించలేదు.

ఇందుకు కొత్త వాచకాలు అక్కరలేదు, ప్రశ్న మారిస్తే చాలు. ఈ పాఠంలో సరిచూడగలిగిన వాక్యాలేవి? రచయిత మెచ్చుకోళ్ళేవి? వాటికి చూపిన కారణాలు చాలునా? "చాలవు" అని హేతువుతో రాసిన పిల్లవాడికి నిండు మార్కులు వేసే ధైర్యం ముందు మన ఉపాధ్యాయులకు రావాలి.