ఎంపికలో వివేచన

సికింద్రాబాదులోని సైనిక్‌పురి విశ్రాంత సైనికోద్యోగుల నివాసస్థలంగా రూపుదిద్దుకొన్నది. రక్షణ నిర్వహణ కళాశాల కూడ అక్కడనే ఉన్నది. సైనిక శిక్షణకూ వర్చువల్ రియాలిటీకీ సన్నిహిత సంబంధం ఉన్నది. 1929లో ఎడ్విన్ లింక్ నేల విడువకుండానే విమానచోదనం నేర్పే యంత్రాన్ని రూపొందించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వేలాది పైలట్లు దానిపై శిక్షణ పొందారు. 1968లో ఐవాన్ సదర్లాండ్ తలకు ధరించే తెరను నిర్మించాడు. బరువైన ఆ సాధనం పైకప్పు నుండి వేలాడుతూ ఉండేది. నేడు అటువంటి సాధనమే సుమారు అరకిలో బరువుతో విద్యార్థి చేతికి అందింది.

గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్న ఇంట తరువాతి కోరిక హెడ్‌సెట్. ఖరీదైనదే మేలైనదని పలువురు భావిస్తారు. ఆ భావన సరికాదని నా అభిప్రాయం. కొనబోయే వస్తువుకంటె ముందుగా మనవద్ద ఉన్న వస్తువును పరిశీలించాలి. లేనిచో నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్లవుతుంది.

మొదటిది అనుసంధానం. 2019లో వచ్చిన వాల్వ్ ఇండెక్స్‌కు డిస్‌ప్లేపోర్ట్ అవసరం. అనేక ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటుంది. 2023 నాటి మెటా క్వెస్ట్ 3 యూఎస్‌బీ తీగతోగాని, వైఫైతోగాని పనిచేస్తుంది.

రెండవది శక్తి. సెకనుకు 90 చిత్రాలు చూపాలంటే ఒక్కొక్క చిత్రం సుమారు 11 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. ఆ వేగం తగ్గితే తల తిప్పినపుడు దృశ్యం వెనుకబడి, కళ్ళు తిరిగి వికారం కలుగుతుంది. ఒకే సంఖ్య గల గ్రాఫిక్స్ చిప్ అయినప్పటికీ ల్యాప్‌టాప్‌లోనిది సాధారణంగా డెస్క్‌టాప్‌లోని దానికంటె తక్కువ శక్తి కలది.

మూడవది కన్ను. పెద్దలలో కనుపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. అది వ్యక్తివ్యక్తికీ మారుతుంది. కటకాలను అందుకు తగినట్లు సవరించుకొనే వీలు లేకపోతే కన్ను అలసిపోతుంది.

నాలుగవది మన్నిక. 2017లో మొదలైన విండోస్ మిక్స్‌డ్ రియాలిటీని 2024లో మైక్రోసాఫ్ట్ తన విండోస్ 11 నూతన రూపం నుండి తొలగించింది. చెక్కుచెదరని హెడ్‌సెట్లు సైతం అధికారిక ఆధారాన్ని కోల్పోయాయి. చౌకగా లభించే పాత సాధనాన్ని కొనేవారు ఈ సంగతి మరువరాదు.

విద్యార్థులారా! ప్రకటన కోరికను పెంచుతుంది. పరీక్ష వివేకాన్ని పెంచుతుంది. కొనుటకు ముందు మిత్రుని సాధనాన్నైనా అరగంట ధరించి చూడండి. మీ దేశంలో మరమ్మతు, హామీ లభిస్తాయో లేదో విచారించండి. తల్లిదండ్రుల కష్టార్జితంతో కొన్న వస్తువు వారం దాటి అలమారలో మూలపడితే ఆ నష్టం ధనానికి మాత్రమే పరిమితం కాదు. వారు మనపై ఉంచిన నమ్మకానికి కూడ.