సివిక్స్ చదువుకు మిత్తి లెక్క

మా ఊళ్ళో పొలిటికల్ సైన్స్‌ను ఇప్పటికీ సివిక్స్ అనే అంటారు. ఇంటర్‌లో హెచ్.ఈ.సి. తీసుకున్నా సివిక్సే, డిగ్రీలో బి.ఏ. చేసినా సివిక్సే. "సివిక్స్ సదివి ఏం జేస్తవు?" అన్న ప్రశ్న ఇరవై ఏళ్ళ కిందట నన్నడిగారు. ఈ వేసవిలో మా వెనకింటి అమ్మాయిని అడిగారు. ప్రశ్న మారలేదు కానీ, ఇప్పుడు దానికి బ్యాంకు లోను ఒకటి తోడయ్యింది.

మధ్యాహ్నం గిన్నెలు సర్దుకుంటుంటే వాళ్ళమ్మ వచ్చింది. మిషన్ కుట్టి సంసారం నడిపే మనిషి. ఆయన హసన్‌పర్తి నుంచి హనుమకొండకు ఆటో తోలుతాడు. చేతిలో హైదరాబాద్ ప్రైవేటు యూనివర్సిటీ ఒకదాని రంగుల పుస్తకం, కొంగున ముడి.

"అక్కా, పిల్ల గిదే సదువుతానంటాంది. ఫీజు, హాస్టలు అంతా కలిపి మూడేండ్లకు ఆరు లక్షలంట. నాలుగు లక్షలు బ్యాంకుల లోను, కడమది ఈ గొలుసు పెట్టి తెద్దామనుకుంటున్న. నువ్వు డిగ్రీ సదివినవు గద, జర లెక్క సూసి చెప్పు" అంది. ముడి విప్పితే మూడు తులాల గొలుసు.

నేను చదివింది బి.ఏ. లెక్కలంటే నాకూ భయమే. అయినా కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాం. పిల్ల కూడా వచ్చి గడప మీద కూర్చుంది.

చదువు లోను నాలుగు లక్షల వరకు తాకట్టు అడగరు, మూడో మనిషి జామీనూ అడగరు. కానీ తల్లో తండ్రో పిల్లతోపాటు సంతకం పెట్టాలి. చదివినన్నాళ్ళూ, ఆ తర్వాత ఒక ఏడాదీ కిస్తీ కట్టక్కరలేదు. ఇక్కడే మనవాళ్ళు మోసపోతారు. కిస్తీ ఆగుతుంది గానీ మిత్తి ఆగదు. ఏడాదికింత చొప్పున మూడు విడతల్లో తీసుకుని, మిత్తి నూటికి ఏడాదికి 10 అనుకుంటే, మొదటి కిస్తీ కట్టే నాటికి నాలుగు లక్షలు కాస్తా 5 లక్షల 20 వేలవుతుంది. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు 6,900 దాకా కట్టాలి. అన్నీ కూడితే 8 లక్షల పైమాటే. ఆడపిల్లలకు కొన్ని బ్యాంకులు అర శాతం తగ్గిస్తాయి, అంతే. ఊళ్ళో రెండు రూపాయల మిత్తితో, అంటే ఏడాదికి నూటికి 24తో పోల్చితే ఇది ధర్మప్రభువుల మిత్తే. ఆ మాటే ఆమె అంది కూడా. గొలుసు మీద మిత్తి ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

మరి ఆ 6,900 కట్టే జీతం ఎక్కడ? మా వీధిలో ప్రైవేటు బడిలో సోషల్ చెప్పే అమ్మాయి బి.ఏ., బి.ఎడ్. చేతికొచ్చేది నెలకు 12 వేలు, అదీ వేసవిలో రాదు. సర్కారు బడికి పోవాలంటే బి.ఎడ్. రెండేళ్ళు, తర్వాత టెట్, తర్వాత డి.ఎస్.సి. ఎప్పుడు పడుతుందా అని చూడటం. 2024లో 11,062 పోస్టులకు డి.ఎస్.సి. పెట్టారు కాబట్టి కొందరికి వచ్చాయి. సంతోషమే. ఆ ఏడు అందనివాళ్ళ సంగతి?

సివిక్స్ పిల్లలు ఎక్కువ ఆశ పెట్టుకునేది గ్రూప్స్ మీద. రాజ్యాంగం, పరిపాలన పరీక్షలో ఉంటాయి కదా, చదివింది ఉత్తగా పోదనుకుంటారు. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో పడింది, 503 పోస్టులు. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకయి 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ రాశారు, దాన్నీ సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. దరఖాస్తులు నాలుగు లక్షలు దాటాయి. అంటే ఒక్క పోస్టుకు ఏడు వందల మంది! ఈ రెండేళ్ళూ అశోక్‌నగర్ గదుల్లో అద్దె కట్టుకుంటూ కూర్చున్న పిల్లలకు బ్యాంకు కిస్తీ కూడా ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. కాలం కూడా అప్పే. దాని మిత్తిని మనం ఏ కాగితం మీదా వేయం.

అట్లాగని సివిక్స్ పనికిరాదని నేననను. ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. నేనూ అదే చదివాను. నా డిగ్రీ సంపాదించింది ఎంతంటే, కథలకొచ్చే పారితోషికం తప్ప, సున్నా. ఇంటి పనికి జీతం లేదు గనక నా చదువుకు కూలీ కట్టినవాడు లేడు. కానీ మా సంఘంలో తీర్మానం రాసేది నేను. సమాచార హక్కు చట్టం కింద అర్జీ ఎట్లా పెట్టాలో చెప్పేది నేను. సర్పంచి సీటు మహిళకు రిజర్వయినప్పుడు ఆమె పక్కన ఆమె భర్త కూర్చుంటే "మీరెందుకన్నా ఆ కుర్చీలో?" అని అడిగిందీ నేనే. ఇంతా చేస్తే నా చదువుకైన ఖర్చు చాలా తక్కువ. సర్కారు కాలేజీ ఫీజు, బస్ పాసు, రెండు జతల బట్టలు. అప్పు లేదు కాబట్టే, సంపాదన లేకపోయినా ఆ చదువు నా మెడకు చుట్టుకోలేదు.

కొన్ని దేశాల్లో అప్పును ఇట్లా ముడిపెట్టరు. ఆస్ట్రేలియాలో 1989 నుంచీ చదువు ఖర్చును జీతం ఒక హద్దు దాటాకే పన్నుతోపాటు వసూలు చేస్తారు. ఇంగ్లండులో ఫీజులు ఘోరంగా పెరిగాయి. 1998లో ఏడాదికి వెయ్యి పౌండ్లున్నది 2012లో 9 వేలకు పోయింది. అయినా హద్దు దాటిన ఆదాయంలోంచే నూటికి 9 తీసుకుంటారు, ఉద్యోగం లేకపోతే అడగరు. మన దగ్గర ఏడాది గడువు దాటిందంటే జీతం వచ్చినా రాకున్నా కిస్తీ వస్తుంది. పేదపిల్లలకు చదివే కాలంలో వడ్డీ మాఫీ చేసే కేంద్ర పథకం 2009లోనే వచ్చింది కానీ, అది సాంకేతిక, వృత్తి కోర్సులకు. బి.ఏ. చదివేవాళ్ళు అందులోకి రారు. పట్టణంలో చదువుకు విలువ కట్టే తీరే ఇది. "ఇంజినీరింగ్ అయితే సూద్దుము" అని లోను అడగబోయిన చోట కూడా ఈమెతో అన్నారట.

ఇంకో ముచ్చట ఎవరూ పైకి అనరు. పదేళ్ళ కిస్తీ అంటే మధ్యలో పిల్ల పెళ్ళి ఉంటుంది. సంబంధం వాళ్ళు అప్పు సంగతి అడుగుతారా? అడిగితే కట్నంలో కలుపుతారా? పెళ్ళయ్యాక ఉద్యోగం మాన్పిస్తే కిస్తీ ఎవరు కడతారు? సంతకం పెట్టిన తల్లే కదా, మిషన్ తొక్కి! నేనిట్లా అంటే ఆమె తల వంచుకుంది. పిల్ల మాత్రం గడప మీద నుంచి, "పెద్దమ్మా, మా అన్న బీటెక్కుకు ఈ లెక్క ఎవ్వరు వెయ్యలే" అంది.

నిజమే, వేయలేదు. నేనూ వేయలేదు.

దానికి జవాబు నా దగ్గర లేదు, ఉన్న దారి చెప్పాను. వడ్డేపల్లిలో పింగళి ప్రభుత్వ మహిళా కళాశాల ఉంది. అదే బి.ఏ., ఫీజు వేలల్లోనే. ఆడవాళ్ళకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆ ఖర్చూ లేనట్టే. రంగుల పుస్తకంలో ఉన్న సివిక్స్, అక్కడి సివిక్స్ వేరువేరు కావు. అప్పు చేయక తప్పని రోజు డిగ్రీ తర్వాత వస్తే రానీ. లాసెట్ రాసి మూడేళ్ళ లా చదవాలన్నా, పి.జి.కి పోవాలన్నా అప్పుడు చేయవచ్చు. ఆ నాటికి పిల్లకు ఇరవై ఒకటి, సంతకం తనే ఆలోచించి పెడుతుంది. ఆ ప్రైవేటు చోట పాఠంతోపాటు ఇంగ్లీషు, పరిచయాలు దొరుకుతాయని పిల్ల వాదించింది. కొట్టిపారేయలేను, అవి దొరుకుతాయి. ఎనిమిది లక్షలకు మాత్రం ఎక్కువ.

రెండు రోజులు పిల్ల నాతో మాట్లాడలేదు. తర్వాత తనే ఫోను పట్టుకొచ్చి దోస్త్‌లో దరఖాస్తు నింపింది, మొదటి ఆప్షన్ పింగళి. ఇప్పుడు రోజూ ఉదయం ఎనిమిదింటికి మా ఇంటి ముందు నుంచే బస్సుకు పోతోంది.

గొలుసు మాత్రం ఇంట్లో నిలవలేదు. పెద్దవాడి కాలేజీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదట, బకాయి కడితే గానీ సర్టిఫికెట్లు ఇవ్వమన్నారట. పోయిన శుక్రవారం ఆమె దాన్ని కుదువ పెట్టి వచ్చింది.