పేరొకరిది, మేడలొకరివి

హైదరాబాదు నగరమున ధనవంతుల నివాసమన్నంతనే జనుల నోట ముందుగా వచ్చు పేరు బంజారా హిల్సు. ఆ పేరు ఏ నవాబుదియు గాదు, ఏ దొరదియు గాదు. ఎడ్లపై ధాన్యమును, ఉప్పును మోసి దక్కను నందలి సంతలకును, సేనలకును చేర్చిన లంబాడీలది. ఈ కొండలయందు వారి తండాలుండెను. నేడు పేరు మాత్రమే మిగిలినది. సొమ్మొకడిది, సోకొకడిది యన్న సామెతకు ఇంతకంటె నిదర్శనమేల?

ఈ కొండలపై తొలుత ఇండ్లు గట్టినవారిలో మెహదీ నవాజు జంగు ముఖ్యుడు. నిజాము ప్రభుత్వమున ఉన్నతోద్యోగియై, 1960లో గుజరాతునకు ప్రథమ గవర్నరైన యీతడు బండలను పగులగొట్టింపక, వానినే గోడలుగా గలుపుకొని గృహము నిర్మించెను. 1933లో హైదరాబాదునకు విచ్చేసిన రవీంద్రుడు ఆయన యింట నతిథియై యుండెను. భాగ్యవంతుడు ప్రకృతితో పొత్తు కుదుర్చుకొని బ్రదుకవచ్చునని ఆ యిల్లు చాటినది.

తరువాతి వారికా మర్యాద పట్టలేదు. సుమారు 250 కోట్ల యేండ్ల నాటి శిలలు మందుగుండుకు తునకలై, వాని స్థానమున అంగళ్లును, అంతస్తులును లేచినవి. బంజారా చెరువు నానాటికి చిక్కిపోయినది. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనము ప్రక్కన లేకున్న, పూర్వపు కొండ యెట్లుండెడిదో మన బిడ్డలకు జూపుటకు తావే యుండదు.

సొంత భూమిలోని రాతిని యజమాని పగులగొట్టుకొన్న తప్పేమని కొందరందురు. స్వామ్యము హక్కే, కాని తిరిగి పుట్టింపజాలని దానిని నశింపజేయుటకు ఏ దస్తావేజును అధికారమీయజాలదు. 1981 నాటి నగర నిబంధనలలో శిలాసముదాయములకు సైతము రక్షణ గల్పించిన 13వ నిబంధన 2015లో తొలగింపబడినది. కంచె దీసినవారు చేను మేసిరని పశువును నిందించిన ఫలమేమి?

ఇక పేరు ఋణము. 2022 సెప్టెంబరులో ప్రభుత్వమీ కొండలపైననే సేవాలాల్ బంజారా భవనమును ప్రారంభించినది. సంతోషమే. కాని ఒక భవనముతో తీరునంతటి స్వల్పఋణమా యిది? మిగిలిన ప్రతి బండను లెక్కవ్రాసి చట్టమున జేర్చవలెను. ఈ వాడ కథ, లంబాడీల ప్రస్తావనతో సహా, ఇచ్చటి పాఠశాలలలో జెప్పవలెను. మేడలవారే యిందుకు ముందడుగు వేయుదురు గాక! పేరును వాడుకొనువాడు ఆ పేరింటివారిని మరచుట మర్యాద గాదు.