మొగుడు గల్ఫ్‌లో, హార్మోన్ మాత్రలు ఊళ్లో

బనియాస్ క్యాంపులో మాతో ఉండే షట్టరింగ్ తమ్ముడికి పెళ్లయి అయిదేళ్లు. లెక్కేస్తే భార్యాభర్తలు కలిసున్నది అయిదు నెలలు కూడా లేదు. ఊళ్లో మాత్రం ఆ పిల్లకి హార్మోన్ మాత్రలు మింగిస్తున్నారు. ఏడాదిపాటు క్రమం తప్పకుండా కలిసినా గర్భం రాకపోతేనే సంతానలేమి అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం. ఆ లెక్కన మన భార్యల్లో చాలామందికి లోపం ఉందో లేదో ఇంకా తేలనే లేదు.

మందును తప్పుపట్టడం లేదు. లెట్రోజోల్‌ను సంతానం కోసం వాడొద్దని మన కేంద్రం 2011లో నిషేధించింది. 2014లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, పీసీఓఎస్ ఉన్న 750 మంది స్త్రీలలో పాత క్లోమిఫిన్ వాడినవారికి 19.1 శాతం, లెట్రోజోల్ వాడినవారికి 27.5 శాతం కాన్పులయ్యాయి. 2017లో నిషేధం ఎత్తేశారు.

అయితే ఈ మాత్ర చేసేది అండం విడుదలయ్యేలా చూడటమే. ఆ అండం బతికేది ఒక్కరోజు. ఆ రోజుల్లో మనం ఇక్కడ స్లాబ్ పోయిస్తుంటే ఆ కోర్సు ఎవరికోసం? నెల సెలవులో దొరికే అదను ఒక్కటి, మహా అయితే రెండు. అందులోనూ పెళ్లిళ్లకి, బ్యాంకు పనులకి తిరిగే రోజులు తీసేయండి.

అసలు ముందు జరగాల్సింది మన వీర్య పరీక్ష. ఖర్చూ తక్కువే. దానికి మనకి నామోషీ. ఆడమనిషికి మాత్రం స్కానింగులు, సూదులు, పైగా గొడ్రాలన్న మాట. టికెట్టు తీసే ముందే నెలసరి తేదీ అడిగి, డాక్టరమ్మతో మాట్లాడి సెలవు పెట్టాలి. మా తమ్ముడు ఈసారి అలాగే పెట్టాడు. అతని రిపోర్టు వచ్చాకే ఆ అమ్మాయికి మందులు.