తుపాకి లేని వేట

దీపావళి వచ్చేసరికి సూరత్‌లో మరమగ్గాల చప్పుడు సద్దుమణుగుతుంది. తెలంగాణ జిల్లాల నుండి తరలివెళ్ళి, లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలకు సంవత్సరంలో అరుదుగా చిక్కే విరామమది. లాభపంచమికి వ్యాపారాలు మళ్ళీ మొదలవుతాయి. ఈలోగా స్వగ్రామానికి ప్రయాణం కట్టలేనివారికి ఖంభాత్ సింధుశాఖకు ఆవలి ఒడ్డున రెండు రోజుల వేట ఒకటి సిద్ధంగా ఉన్నది. ఆ వేటకు కావలసిన ఆయుధం కన్ను మాత్రమే.

భావనగర్‌కు ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న వేళావదర్ గడ్డిమైదానం కృష్ణజింకలకు నెలవు. ఒకప్పుడు అది భావనగర్ మహారాజుల వేటభూమి. ఆఫ్రికా నుండి తెప్పించిన చీతాలను ఇక్కడి జింకల మీదికి వదిలేవారు. స్వాతంత్ర్యానంతరం బీళ్ళు సాగులోకి వచ్చాయి, వేట అదుపు తప్పింది, మందలు తరిగిపోయాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జింకవేటను నేరం చేసింది. 1976లో ఈ మైదానం జాతీయోద్యానమయింది. నేడు దాని విస్తీర్ణం సుమారు 34 చదరపు కిలోమీటర్లు.

వర్షకాలమంతా మూసి ఉంచే ఈ ఉద్యానం అక్టోబరు 16న తెరుచుకుంటుంది. దీపావళి సాధారణంగా ఆ తరువాతి నెల రోజులలోనే వస్తుంది. సూరత్ నుండి రోడ్డు మార్గం సింధుశాఖను చుట్టి పోతుంది. హజీరా నుండి ఘోఘాకు 2020లో ప్రారంభమైన నౌకలో వెళితే ఆ చుట్టు తప్పుతుంది. ప్రవేశానుమతి, వసతి ముందే చూసుకొనకపోతే ఉన్న రెండు రోజులలో ఒకటి గుమ్మం వద్దనే గడిచిపోతుంది.

సమయం తక్కువైనప్పుడు మనిషికి తొందర ఎక్కువవుతుంది. ఒక మందను చూడగానే మరొక మంద కోసం బండిని ఉరికించాలనిపిస్తుంది. ఇక్కడ నష్టపోయేది అక్కడనే. కృష్ణజింకకు ప్రధాన రక్షణ దాని చూపు. కదలికను అది దూరం నుండే పసిగడుతుంది. బెదిరితే క్షణాలలో దాటిపోతుంది. పైగా, వానలు వెలిసిన కొత్తలో గడ్డి ఏపుగా ఉంటుంది. వెతుకుతూ తిరిగేవాడికి కొమ్ముల కొనలు మాత్రమే కనిపించవచ్చు. ఒకచోట బండి ఆపి, ఇంజను కట్టి, అరగంట నిశ్శబ్దంగా కూర్చున్నవాడి ఎదుటికి మంద తానే మేసుకుంటూ వస్తుంది. పాత వేటగాండ్ర విద్యలో నేటికీ పనికివచ్చే భాగం ఈ ఓర్పే.

తెల్లవారిన తొలి గంటలు, ప్రొద్దు గ్రుంకే ముందరి గంటలు ముఖ్యమైనవి. మధ్యాహ్నం జింకలు విశ్రమిస్తాయి, మనుషులూ విశ్రమించవచ్చు. బైనాక్యులర్ దొరికితే మగవాటిని గమనించాలి. వయసు ముదిరిన కొద్దీ వాటి వెన్ను గోధుమవన్నె నుండి నలుపుకు తిరుగుతుంది. మెలికలు తిరిగిన కొమ్ములు దుప్పి కొమ్ములవలె ఏటేటా రాలిపోవు. ఒక్కొక్క పోతు చిన్న జాగాను తనదిగా చేసుకొని, తల వెనుకకు వాల్చి, ఎదుటి పోతును హెచ్చరిస్తుంది. ఆ తగవును మొదటి నుండి చివరి వరకు చూసినవాడు, పది మందలను లెక్కపెట్టి వచ్చినవానికంటె ఎక్కువ చూసినట్లు.

సాయంకాలం ఆకాశాన్ని కూడా మరువరాదు. మధ్య ఆసియా నుండి శీతకాలానికి వలస వచ్చే హారియర్ గద్దలు చీకటి పడేవేళ ఈ గడ్డిలోకి దిగి, నేలమీదనే రాత్రి గడుపుతాయి.

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. తెలంగాణకు ఆ గౌరవం చుక్కల జింకది. సూరత్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలలో చాలమందికి ఇవి పాఠ్యపుస్తకంలోని బొమ్మలు మాత్రమే. రెండు రోజుల సెలవులో తల్లిదండ్రులు వారికి చూపగలిగినది ఒక్క మందే అయినా, అది బెదరకుండా మేస్తున్న మంద అయితే చాలు.