ట్రక్కు వెనుక దీపం

దాళ్వా కోతలు మొదలైతే ఏలూరు, తాడేపల్లిగూడెం మిల్లులకు ధాన్యం ట్రాక్టర్లు రాత్రిళ్లు కూడా కదులుతాయి. వాటిలో ఎన్నింటికో వెనుక దీపం ఉండదు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద వెనక వచ్చే బైకు కుర్రాడికి, మీదకొచ్చేదాకా ట్రక్కు కనిపించదు.

దీపం ఆరితే బల్బు మార్చేస్తాం. లోపం చాలాసార్లు ఎర్తుది. హుక్కు ఇనుమే ఎర్తు అనుకుంటాం గానీ గ్రీజు, తుప్పు మధ్య కరెంటు నిలకడగా పోదు. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసగ్గా వెలుగుతోందా? ఎర్తునే అనుమానించండి. బ్యాటరీ నెగటివ్ నుంచి ట్రక్కు ఛాసిస్‌కు ఒక వైరు తాకించి చూడండి. దీపాలు సరిగ్గా వెలిగితే దొంగ దొరికినట్టే. ఛాసిస్ మీద రంగు, తుప్పు గీకి ఎర్తు బోల్టు బిగించండి, సాకెట్ పిన్నులు శుభ్రం చేయండి. కొల్లేరు చెరువు గట్ల మీద తిరిగే బండ్లకు తేమ వల్ల పిన్నులకు చిలుం త్వరగా పడుతుంది.

కేంద్ర మోటారు వాహన నిబంధనలు 1989 నుంచి ఉన్నాయి. చలానా రాయడం తేలికే. కోతలకు ముందే మార్కెట్ యార్డుల్లో ఎలక్ట్రీషియన్లను పెట్టి ఉచితంగా తనిఖీ చేయించాలని రవాణా శాఖను కోరుతున్నాం. ఈలోగా ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లయినా అంటించండి, వాటికి వైరింగుతో పని లేదు.